ఆరు రోజుల వాన

నా చేతిరాత గుండ్రంగ ఉంటది. ముత్యాల లెక్క ఉంటదని చిన్నప్పటి నుంచి అందరూ అనేటోళ్లే. బడిల నోటీసు రాయాల్నన్నా నన్నే పిలిచేటోళ్లు, చర్చిల గోడకు వాక్యం రాయాల్నన్నా నన్నే పిలిచేటోళ్లు. నేను గూడ పిలువంగనే స్కెచ్ పెన్నుల డబ్బా సంకల పెట్టుకొని ఉరికేదాన్ని. ఆ చేతిరాతే ఒక పిల్ల కొంప ముంచింది. ఈ మాట ఇదివరకు ఎవ్వరికీ చెప్పలే.

మా నాయన బొగ్గుబాయిల పని చేసిండు. మా ఇండ్లల్ల బీయెస్సీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. అందుకే నాకు కొంచెం పొగరు, కోపం గూడ ముక్కు మీదనే ఉంటది. బీయెడ్ అయినంక నన్ను బూర్గంపాడు దాటి మణుగూరు పోయే తొవ్వల, అడివి అంచున ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు సైన్సు టీచరుగ ఏసిండ్రు. టెంపరవరీ పోస్టు. ప్రతి ఏడు ఆర్డరు వస్తదా రాదా అని దేవునికి మొక్కుకునుడే. అవి ఎనభైలు మొదలైన రోజులు. బడి అంటే రెండు రేకుల షెడ్లు, ఒక వంటశాల, చుట్టూ ముండ్లకంప. పిల్లలందరూ కోయగూడేల నుంచి వచ్చినోళ్లే. ల్యాబ్ ఏదంటే ఒక ఇనుప అల్మారా చూపెట్టిండ్రు. దాని తాళంచెవి పోయి ఎన్నేండ్లయిందో ఎవరికీ ఎరుక లేదు.

ఆ పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. క్లాసుల మూడో వరుసల కూర్చునేది. ఏది చెప్పినా, నిజమేనా అన్నట్టు నా మొకం చూసేది. ఒకనాడు నీళ్లు ఆవిరై మబ్బులై వానలైతయని చెప్తుంటే లేచి నిలబడ్డది.

"టీచర్, ఎంత వాన పడితే ఇత్తనం మొలుస్తది?"

"మంచిగ పడితే మొలుస్తది."

"మంచిగ అంటే ఎంత?"

నాకు ఒళ్లు మండింది. కూర్చోమన్న. సాయంత్రం మళ్లొచ్చింది. ఆ ఏడు వాళ్ల అయ్య మొదటి వానకే జొన్నలు చల్లిండట. వాన మళ్ల రాలేదట. గింజలన్నీ మన్నుల్నే మాడిపోయినయట. ఇంట్ల తినేటందుకు దాచుకున్న గింజలు తీసి మళ్ల చల్లిండ్రట. "ఎంత పడ్డంక చల్లాల్నో ముందే ఎరుకైతే బాగుంటది గద టీచర్" అన్నది. నేను పుస్తకాలు తిరగేసిన. మా భూముల గురించి, మా వానల గురించి అందుల ఒక్క ముక్క లేదు.

వంటశాల ఎనుక పారేసిన పాలపిండి డబ్బా ఒకటి దొరికింది. అడుగు నుంచి మూతి దాక ఒక్క తీరుగ ఉన్నది. దాన్ని చెట్టూ గోడా అడ్డం లేని చోట రాళ్ల నడుమ పెట్టించిన. పొద్దుగాల మొదటి గంట కొట్టంగనే స్కేలు ముంచి ఎంత తడిసిందో చూసి, నోటుపుస్తకంల రాసి, నీళ్లు పారబోయాలె. పక్కనే జానెడు మడి చేసి గింజలు పెట్టాలె, ఎంత వానకు ఎన్ని మొలిచినయో అది గూడ రాయాలె. ఆ రోజు ఒక మాట గట్టిగ చెప్పిన.

"చూసింది రాయి. చూడంది రాయకు. అందాజ మీద రాస్తే అది సైన్సు గాదు, ముచ్చట."

రెండేండ్లు రాసింది. జరమొస్తే దుప్పటి కప్పుకొని పోయి చూసేది. డబ్బాల కప్ప పడ్డనాడు "కప్ప ఉండె, నీళ్లు కొన్ని చిందినయి" అని రాసింది. నాకు నవ్వొచ్చింది గాని, అట్ల రాయమని నేను చెప్పలేదు, తనకే తోచింది. ఒకనాడు స్కేలు తుడుచుకుంట అడిగింది, "టీచర్, వాన కొలిచే నౌకరీ ఉంటదా?" అని. ఉంటది, దానికి లెక్కలు, సైన్సు పెద్ద చదువు చదవాలె అన్న. "అయితే నేను గదే చేస్త" అన్నది. అంగట్ల ఉప్పు కొంట అన్నంత మామూలుగ అన్నది.

పదో తరగతికి వచ్చినంక ఒక సర్క్యులర్ వచ్చింది. ఖమ్మంల సైన్సు ఎగ్జిబిషన్ పెడ్తున్నరు. జిల్లాల ఉన్న ఆశ్రమ పాఠశాలలన్నిట్ల నుంచి ఒక్క పిల్లనో పిల్లగాన్నో ఎన్నుకుంటరు. ఎండాకాలం నెల రోజులు పట్నంల పెద్ద కాలేజీల ల్యాబులల్ల పని నేర్పిస్తరు. ఆ తర్వాత హాస్టలున్న జూనియర్ కాలేజీల లెక్కలు, సైన్సు సీటు వాళ్లే ఇప్పిస్తరు. మా దిక్కు ఆడపిల్లలకు సైన్సున్న కాలేజీ దగ్గర్ల లేదు. ఇది పోతే ఇంటికి పోవుడే. ఈ సంగతి నాకు ఎరుకే, ఆ పిల్లకు ఇంకా బాగ ఎరుకే.

ఆ వానకాలంల కొత్తల పండుగ వచ్చింది. కొత్తగ పండింది ఏదైనా ఊర్ల పండుగ చేసి దేవుళ్లకు పెట్టినంకనే కోయోళ్లు నోట్ల పెడ్తరు. హాస్టల్ల కొత్త మక్కకంకులు ఉడకబెడితే మా పిల్లలు పళ్లెం పక్కకు జరిపేటోళ్లు. మొదట్ల నేను గుర్రుమన్న. "సైన్సు చదివేదానివి, నీకు గూడ గీ పట్టింపులేందే?" అంటే ఆ పిల్ల "అది వేరే టీచర్, ఇది వేరే" అన్నది. ఇంక నేను నోరు మూసుకున్న. పండుగకు ఆరు రోజులు ఇంటికి పోవాలె. పోయేముందు స్కేలు నా చేతిల పెట్టింది.

"రోజు చూస్తరు గద టీచర్?"

"చూస్తనే. పో తల్లీ, పో."

చూడలే. మొదటి రోజు పొద్దుగాల ముసురు పట్టి ఉండె. డబ్బా దాక పోవాల్నంటే మడమల్లోతు బురద. సాయంత్రం చూద్దాంలే అనుకున్న. రెండోనాడు, నిన్నటిది చూడకపోతిమి, ఇయ్యాలటిది చూసి ఏం లాభం అనుకున్న. మూడోనాడు యాదికే లేదు. అంతే. పెద్ద కారణమేం లేదు. బురదంటే నాకు అసహ్యం.

ఏడోనాడు పిల్ల వచ్చింది. భుజానికి సంచి అట్లనే ఉండంగ ముందుగాల డబ్బా కాడికి పోయింది. నేను వరండల నిలబడి చూస్తున్న. వంగి చూసింది, తర్వాత నా దిక్కు చూసింది.

"మర్చిపోయిన" అన్న.

స్కేలు ముంచింది. పుస్తకం తీసి ఆరు తేదీలు కిందికి రాసి, ఆరింటిని కలిపి పక్కన ఒక పెద్ద బ్రాకెట్ గీసింది. దాని పక్కన ఇట్ల రాసింది: "ఆరు రోజుల నీళ్లు కలిసి ఉన్నయి. తొంబై నాలుగు మిల్లీమీటర్లు. ఏ రోజు ఎంతనో చూడలే. కొంత ఎండకు ఆరిపోయి ఉండొచ్చు." ఎవరు చూడలేదో రాయలే. నా పేరు ఎక్కడ లేదు.

ఎగ్జిబిషన్‌కు చార్టు నేనే రాసిన. ఆ పిల్ల రాత కోడి గీకినట్టు ఉంటది, పుస్తకం నిండ మన్ను, పసుపు మరకలు. పెద్ద తెల్ల చార్టు మీద గళ్లు కొట్టి, నీలం రంగుతోని అంకెలు దింపుకుంట పోయిన. ఆ ఆరు రోజుల కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎంత సక్కగ వస్తున్నయి గళ్లు! నడుమ ఆ బ్రాకెట్ ఏంది, ఆ ముచ్చటంత ఏంది? చూసేటోళ్లు ఏమనుకుంటరు, బడిల టీచర్ లేదా అనుకోరా? ఉన్న తొంబై నాలుగునే ఆరు ముక్కలు చేసిన. ఒకనాడు ఇరవై రెండు, ఒకనాడు తొమ్మిది, ఇట్ల. మొత్తం సరిపోయింది. దొంగతనం చేసినట్టు గూడ అనిపించలే. ఇల్లు ఊడ్చినట్టే అనిపించింది.

తెల్లారి పిల్ల చార్టు మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంట చదివింది. వేలు అక్కడ ఆగింది.

"టీచర్, గిది నేను రాసింది గాదు."

"మొత్తం అంతే గదనే?"

"మొత్తం అంతే. గని మనం చూడలే గద."

"చార్టుల బ్రాకెట్ పెడితే ఏమన్న బాగుంటదా? సీటు కావాల్నా, వద్దా? గమ్మున కూర్చో."

గమ్మున కూర్చున్నది. ఆ మరకల పుస్తకం ఇడిచిపెట్టి రమ్మన్న. ఆ మాట మాత్రం వినలే. బట్టల నడుమ పెట్టుకొని తెచ్చింది.

ఖమ్మంల ఒక హైస్కూలు హాలు. ఒక బల్ల మీద బల్బులు వెలిగే ఇల్లు, ఇంకో బల్ల మీద పొగ కక్కే కొండ. మా బల్ల మీద ఒక పాలపిండి డబ్బా, మట్టిమూకుళ్లల్ల మొలకలు, ఎనుక నా చార్టు. నా పక్కన మా హెడ్‌మిస్ట్రెస్. ఎంపిక చేసే పెద్దసారు రిటైరైన లెక్చరర్, తెల్లటి మనిషి. కొండ కాడ రెండు నిమిషాలు గూడ నిలబడలే. మా కాడికి వచ్చి మోకాళ్ల మీద కూర్చొని మొలకలు చూసిండు. డబ్బా ఒక్క తీరుగ ఎందుకుండాలె, గాలికి వాన ఏటవాలుగ పడితే ఎట్ల అని ఒకటెంక ఒకటి అడిగిండు. పిల్ల ప్రతిదానికి ఆగి, ఆలోచించి చెప్పింది. తెలియనిదానికి తెల్వదు అన్నది. ఆయన మొకం వెలిగిపోయింది. అయిపోయింది, సీటు వచ్చినట్టే అనుకున్న.

"అమ్మా, నువ్వు రోజు రాసిన అసలు పుస్తకం ఉన్నదా?"

పిల్ల సంచిల చెయ్యి పెట్టి తీసింది. ఆమె మొకంల సంతోషం నేను చూసిన. అది దాచనీకె లేదు. ఆయన ఒక్కో పేజీ తిప్పిండు. కప్ప కాడ నవ్విండు. ఇంకా తిప్పిండు. ఆగిండు. తలెత్తి చార్టు చూసిండు. మళ్ల పుస్తకం చూసిండు.

"ఈ ఆరు రోజులు ఇక్కడ కలిపి ఉన్నయి. అక్కడ విడివిడిగా ఉన్నయి. ఎవరు విడగొట్టిండ్రు?"

పిల్ల డబ్బాను దగ్గరికి జరుపుకున్నది.

"చార్టు రాత ఎవరిది?"

"టీచర్‌ది సార్."

నేను నోరు తెరిచిన. తెరిచిన సంగతి నాకు బాగ యాదికున్నది. నాలుక ఉన్నది, పండ్లు ఉన్నయి, మాట రాలే. హెడ్‌మిస్ట్రెస్ నా దిక్కు తిరిగింది. పిల్ల గూడ నా దిక్కు చూసింది, ఒక్కసారే. తర్వాత ఆయన దిక్కు తిరిగింది.

"నేను చెప్పినట్టే టీచర్ రాసింది సార్. నేనే విడగొట్టిన. చార్టు బాగుంటదని."

ఆయన పుస్తకం మూసి రెండు చేతులతోని ఆమెకు ఇచ్చిండు. "నీ ప్రశ్న మంచిదమ్మా. ఇంత మంచి ప్రశ్న ఇక్కడ ఎవరూ తేలేదు. కాని అంకెలు పుట్టించినోళ్లను నేను ల్యాబుకు పంపలేను" అన్నడు. కోపంగ అనలే. బల్బులు వెలిగే ఇల్లు తెచ్చినోళ్లకు సీటు ఇచ్చిండు.

టెంపరవరీ పోస్టు, హెడ్‌మిస్ట్రెస్ పక్కనే ఉండె, ఆర్డరు ఆగిపోతదని భయం, ఇవన్నీ తర్వాత నేను ఏరుకొచ్చుకున్న సాకులు. ఆ క్షణంల నా మనసుల ఏమీ లేదు. భయం గూడ లేదు. పంటి డాక్టరు సూది ఇచ్చినంక దవడ ఉంటదే, నేనంత అట్ల ఉన్న. అప్పటి నుంచి అట్లనే ఉన్ననేమో.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల ఆ పిల్ల నా పక్కనే కూర్చున్నది. కొత్తగూడెం దాటంగనే నా భుజం మీద తల పెట్టి నోరు తెరుచుకొని నిద్రపోయింది. డబ్బా తన ఒళ్లెనే ఉన్నది. బూర్గంపాడు దాక నేను భుజం కదిలియ్యలే. లేస్తే చెప్దాం అనుకున్న. లేచింది, దిగినం, పోయినం. తెల్లారి మొదటి గంటకు డబ్బా మళ్ల రాళ్ల నడుమ ఉన్నది. వానలు పోయిన కాలం. పుస్తకంల "సున్న" అని రాసింది.

పది పాసైంది. మంచి మార్కులే. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయింది, ఇంక రాలే. మరుసటి ఏడు నా పోస్టు పర్మనెంటు అయింది. దావత్ చేయమని టీచర్లు ఎంటపడ్డరు. చేసిన.

తర్వాత నన్ను చండ్రుగొండ దిక్కు బదిలీ చేసిండ్రు. అక్కడ గూడ డబ్బాలు పెట్టించిన, మడులు చేయించిన. నా ఎంట పడి సతాయించి చదివిన పిల్లలల్ల ఇద్దరు ఇంజినీర్లయిండ్రు, ఒకామె కాలేజీల కెమిస్ట్రీ చెప్తది. చార్టు మాత్రం ఎవరిది వాళ్లే రాసుకోవాల్నని పట్టుబట్టిన. రాత ఎంత అష్టావక్రంగ ఉన్నా సరే. నా చేతిరాత ఏమైందని తోటి టీచర్లు ఎకసెక్కాలాడేటోళ్లు. ఒకసారి మీటింగుల శాలువ కప్పి, అడివి పిల్లలకు సైన్సు తొవ్వ చూపెట్టిన టీచర్ అని పొగిడిండ్రు. అందరూ సప్పట్లు కొట్టిండ్రు. నాకు ఏమీ అనిపించలే. శాలువ గుచ్చుకుంటున్నదని మాత్రం అనిపించింది.

తొంబైలల్ల పోలియో చుక్కల డ్యూటీ మా టీచర్ల నెత్తిన పడ్డది. ఒక ఏడు నన్ను మళ్ల బూర్గంపాడు దిక్కే, అడివిల ఒక గూడేనికి ఏసిండ్రు. జీపు దింపి పోయింది. చేతిల ఐసు డబ్బా, ఒక ఫారం. అంగన్‌వాడీ తలుపు కాడ ఒకామె పిల్లలను వరుసల నిలబెడుతున్నది. తిరిగి చూసింది.

"టీచర్!"

నేను గుర్తుపట్టడానికి టైం పట్టింది. ఆ చూపుతోని గుర్తుపట్టిన. ఆమెనే అక్కడ అంగన్‌వాడీ టీచర్. ఇద్దరు పిల్లలట, పెద్దది బడికి పోతున్నదట. మంచిగున్నవా అంటే మంచిగున్న అన్నది. కుర్చీ వేసింది, చాయ్ తెచ్చింది. మధ్యాహ్నం దాక ఇద్దరం చుక్కలు వేసినం.

పని సద్దుమణిగినంక నేను బల్ల మీద ఉన్న రిజిస్టర్ ఊరికె తిప్పిన. చిన్నపిల్లల తూకాలు. నెలకొక గడి. ఒక కాడ రెండు నెలలు కలిపి పక్కన పెద్ద బ్రాకెట్ ఉన్నది. "తక్కెడ చెడిపోయింది. తూకం చూడలే" అని రాసి ఉన్నది. అదే కోడి గీకిన రాత. కింద పైవాళ్లు ఎవరో ఎర్ర సిరాతోని "ఖాళీలు ఉండకూడదు" అని రాసి మెమో నంబరు వేసిండ్రు.

ఇన్నేండ్లకు గప్పుడు వచ్చింది మాట.

"ఖమ్మంల ఆ రోజు... చెప్పాల్సింది నేను."

ఆమె నవ్వింది. "ఇంకా యాదికున్నదా టీచర్?"

"ఎందుకు చెప్పినవే అట్ల? మనం చూడలే గద అన్నదానివి, అంత అబద్ధం ఎట్ల చెప్పినవ్?"

ఎప్పటి లెక్కనే ఆగి ఆలోచించింది.

"మీరు ఏడుస్తరనుకున్న. అంత మందిల మీరు ఏడిస్తే నేను చూడలేకపోదును."

"నేను ఏడ్వలే."

"అవ్ టీచర్. చూసిన. ఏడ్వలే."

నిష్ఠూరంగ అనలే. వాన పడలే అన్నట్టే అన్నది. ఆమె లేచి చాయ్ గ్లాసులు కడగనీకె పోయింది. నేను ఫారం ముందటేసుకొని కూర్చున్న. గూడెంల నలభై నలుగురు పిల్లలు. ముగ్గురిని తల్లులు మిరపతోటలకు కూలికి పోతూ ఎంట తీసుకపోయిండ్రు, రాలే. పూర్తిగ అయినట్టే రావాలె, తక్కువొస్తే ఊకోనని పొద్దుగాల జీపుల సూపర్‌వైజర్ అందరికీ చెప్పిండు. నా చెయ్యి దానంతట అదే నలభై నాలుగు గడి దిక్కు పోయింది. పోయిన చెయ్యిని చూసిన. నలభై ఒకటి అని రాసిన. పక్కన "ముగ్గురు రాలే" అని రాసిన. రాత వంకర వచ్చింది.

జీపు వచ్చింది. సూపర్‌వైజర్ ఫారం చూసి మొకం మాడ్చుకున్నడు.

"ముగ్గురు తక్కువేంది? ఎవరు రాసిండ్రు గిది?"

ఆమె గ్లాసులు కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంట ముందుకొచ్చింది. నోరు తెరిచింది. ఏమనబోతున్నదో నాకు ఎరుకే.

"నేనే రాసిన సార్" అన్న, ఆమె కంటె ముందు. "ముగ్గురు రాలే. చూసే రాసిన."

ఆయన ఏందో గొణుక్కున్నడు, ఫారం మడిచి జేబుల పెట్టుకున్నడు, రేపొచ్చి ఆ ముగ్గురికి వేయిర్రి అని జీపెక్కిండు. అయిపోయింది. నా ఉద్యోగం పోలే, నెత్తి మీద ఆకాశం పడలే. ఒక నిమిషం గూడ పట్టలే.

ఖమ్మంల ఆ రోజు గూడ గింతే పట్టేది.